క్యాంపర్‌గా మార్చడానికి ఏ వ్యాను కొనాలి? ముందు ఆర్‌సీ, తర్వాత కాటా, ఆ తర్వాత టేపు

మీ ప్రశ్న సారాంశం ఇది. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు: అరకు, మారేడుమిల్లి, హంపి, వీలైతే ఒకసారి హిమాచల్. పడుకోవాలి, వండుకోవాలి, కుదిరితే చిన్న టాయిలెట్ ఉండాలి. 2013 మోడల్ ఫోర్స్ ట్రావెలర్ స్కూలు వ్యాను ఒకటి చవగ్గా వస్తోంది. అది తీసుకోవాలా, లేక టాటా వింగర్, మారుతి ఎకో, ఫోర్స్ అర్బానియాల్లో ఏదైనా చూడాలా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ స్కూలు వ్యాను వదిలేయండి. నలుగురికి ఇవన్నీ కావాలంటే హై రూఫ్ ట్రావెలర్, అందులోనూ 3700 వీల్‌బేస్‌ది (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3,700 మి.మీ. ఉన్నది) చూడండి. ఇద్దరే తిరిగేట్టయితే, విడిగా టాయిలెట్ గది వద్దనుకుంటే వింగర్ చాలు. ఎకోని క్యాంపర్‌గా మార్చే పని పెట్టుకోకండి, దాని వెనక విప్పి తీసేయగల పెట్టె పెట్టుకోండి. అర్బానియా బండిగా వీటన్నిటికంటే మెరుగు, కానీ అంత డబ్బు పెట్టిన కొత్త బండి లోపలంతా ఊడదీసే ముందు కాగితాల సంగతి పక్కాగా తేల్చుకోవాలి.

ఇక కారణాలు. చాలామంది ఇంజిన్, మైలేజీ, ధరలతో మొదలుపెట్టి కాగితాల దగ్గర ఆగిపోతారు. వరుస తిరగబడాలి. ఇంజిన్ దించి బోరు చేయించుకోవచ్చు, క్లచ్ ప్లేటు మార్చుకోవచ్చు, సీట్లు కొత్తవి వేయించుకోవచ్చు. బండి మోయగలిగే బరువునీ, లోపలి వెడల్పునీ మాత్రం మీరు ఎంత డబ్బు పెట్టినా పెంచలేరు. ఆర్‌సీలో రాసిన బాడీ రకాన్ని మార్చడం సాధ్యమే గానీ, అది మీ చేతిలో ఉండే పని కాదు.

ఆర్‌సీ సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేకుండా మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. 12 సీట్లు తీసి మంచం బిగించడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఆర్‌సీలో సీట్ల సంఖ్య, బాడీ రకం రెండూ తప్పయిపోతాయి. చలానా కంటే పెద్ద భయం ఇన్సూరెన్సు. ప్రమాదం జరిగినప్పుడు సర్వేయరు వచ్చి లోపల గ్యాసు పొయ్యి, మంచం చూసి, కాగితంలో 12 సీట్ల ప్యాసింజరు బండి అని చదివితే క్లెయిము నిలబడటం కష్టం.

సక్రమంగా వెళ్లడానికి మూడు దారులున్నాయి.

మొదటిది కొత్త బండి. మోటార్ క్యారవాన్ల కోసం ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని కింద టైప్ అప్రూవల్ (ఆ నమూనాకి పరీక్షించి ఇచ్చే ఆమోదం) తెచ్చుకున్న బాడీ బిల్డరు దగ్గర కట్టిస్తే, వాళ్లు ఫారం 22-ఏ రెండో భాగం ఇస్తారు. దాంతో మొదటి రిజిస్ట్రేషనే క్యారవాన్‌గా జరుగుతుంది. సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ వ్యాను కేంద్రం 2004 నవంబరులో ఇచ్చిన నోటిఫికేషన్‌లో నాన్-ట్రాన్స్‌పోర్ట్ (సొంత బండ్ల) జాబితాలో ఉంది కాబట్టి తెల్ల బోర్డు సాధ్యమే. ఖర్చు ఎక్కువే, కానీ తలనొప్పి తక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త: "మాకు అప్రూవల్ ఉంది" అన్న మాట చాలదు. సర్టిఫికెట్ కాపీ అడగండి. మీరు కొనే మోడల్, అదే వీల్‌బేస్, అదే సీట్ల సంఖ్య అందులో ఉన్నాయో లేదో చూడండి. 3350కి తెచ్చుకున్న అప్రూవల్ 3700కి పనికిరాదు.

రెండోది పాత బండిని ఆర్‌టీవో ముందస్తు అనుమతితో మార్పించి ఆర్‌సీలో ఎక్కించుకోవడం. ఇది ఆఫీసును బట్టి మారుతుంది. బండికి అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీ కాపీ, చేతితో గీసిన లేఅవుట్ పట్టుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని కలవండి. దేన్నుంచి దేనికి మారుస్తున్నారో రాసి అర్జీ ఇచ్చి, జవాబు కాగితం మీద తీసుకోండి. టాక్సు ఏ లెక్కన పడుతుందో కూడా అదే కాగితంలో అడగండి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకుని బండి కొంటే, మారిన ఇన్‌స్పెక్టర్ మొదటికి తెస్తాడు.

మూడోది ఏదీ శాశ్వతంగా బిగించకపోవడం. సీట్లు ఉన్నచోటే ఉంటాయి, మీ మంచం, వంటపెట్టె, నీళ్ల క్యాన్లు సామానుగా వస్తాయి. చిన్న బండ్లకి ఇదే అన్నిటికంటే తెలివైన దారి.

డెలివరీ వ్యాను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కిటికీలు లేని రేకు గోడలు, ఖాళీ నేల, ధర కాస్త తక్కువ. క్యాంపర్‌కి ఇంతకంటే మంచి డబ్బా దొరకదు. కానీ అది గూడ్స్ బండి. కేబిన్‌లో రాసి ఉన్న సీట్లకు మించి మనిషిని ఎక్కించకూడదు. వెనక మీరు సీట్లు, బెల్టులు ఎంత బాగా బిగించినా ఆర్‌సీ మారేదాకా పిల్లలు అక్కడ కూర్చోవడానికి వీల్లేదు. కాబట్టి డెలివరీ వ్యాను మొదటి దారిలో అయితేనే కొనండి.

మీరు చూసిన స్కూలు వ్యాను విషయంలో ఇవన్నీ ఒకేచోట పోగయ్యాయి. ఆర్‌సీలో అది విద్యాసంస్థ బస్సు, అంటే ట్రాన్స్‌పోర్ట్ వాహనం. రంగు మార్చాలి, సీట్లు మార్చాలి, బాడీ రకం మార్చాలి. 2028కి దానికి 15 ఏళ్లు నిండుతాయి. పైగా ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015 నుంచి ఆంక్షలు ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉన్నాయి. హిమాచల్‌కి వెళ్లే మామూలు దారి ఆ ప్రాంతం మీదుగానే. స్కూలు బండి కిలోమీటర్లు తక్కువే తిరుగుతుంది, నిజమే. కానీ రోజుకి నలభైసార్లు ఆగి కదులుతుంది. క్లచ్, బ్రేకులు, తలుపు బిజాగరీలు ఆ లెక్కన అరిగి ఉంటాయి.

లైసెన్సు గురించి కంగారు పడక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చు. అది ట్రాన్స్‌పోర్ట్ బండి అయినా సరేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. మనం మాట్లాడుకుంటున్నవన్నీ ఆ లోపలే.

కాటా లెక్క

ఆర్‌సీలో రెండు అంకెలు ఉంటాయి: అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు), గ్రాస్ వెయిట్ (మనుషులు, సామానుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు). రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీ మొత్తం జీవితం. మనుషులు, చెక్క, నీళ్లు, బట్టలు, బియ్యం అన్నీ అందులోనే సర్దాలి.

ప్యాసింజరు వ్యానుకి ఇది సుమారుగా సీట్ల సంఖ్యని బట్టి ఉంటుంది. ఒక్కో మనిషికి 65–70 కిలోల లెక్కన, 13 మందికి 850–900 కిలోలు, పైన కొంత లగేజీ. సీట్లు తీసేస్తే ఒక్కోదానికి 15–25 కిలోలు వెనక్కి వస్తాయి. ఇప్పుడు మీ కుటుంబానికి కావలసింది లెక్కేద్దాం.

నలుగురు మనుషులు 220 కిలోలు. 8×4 అడుగుల 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ షీటు ఒక్కోటి దాదాపు 25 కిలోలు. నేలకి, పెట్టెలకి, మంచానికి కలిపి 7 షీట్లు, అంటే 175. అదే పనికి 18 మి.మీ. వాడితే ఒక్కో షీటు 37 దాకా పోతుంది, 84 కిలోలు ఊరికే పెరుగుతాయి. ఇంటి వడ్రంగిని పిలిస్తే అలవాటుగా 18 అడుగుతాడు, ఒప్పుకోకండి. 25×25×2 మి.మీ. ఇనుప గొట్టం మీటరుకి 1.4 కిలోలు. 40 మీటర్లకి 56, స్క్రూలు, క్లాంపులతో 60. నీళ్లు 80 లీటర్లు, ట్యాంకుతో కలిపి 90. బ్యాటరీ, ఇన్వర్టరు, వైర్లు లిథియం ఐరన్ ఫాస్ఫేటుతో 50. ఇంటి ఇన్వర్టరుకి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెడితే అవే 110 దాటతాయి. సోలార్ ప్యానళ్లు రెండు, ఫ్రేముతో 60. పరుపులు, తెరలు 30. ఫ్రిజ్, పొయ్యి, గిన్నెలు 60. పైకప్పు ఏసీ 35. టాయిలెట్ పెట్టె నిండుగా 25. బట్టలు, సరుకులు 100. పందిరి గుడ్డ, పనిముట్లు, జాకీ, కుర్చీలు 60.

మొత్తం 965 కిలోలు. ఇందులో ఆడంబరం ఏమీ లేదు, గమనించండి.

5 సీట్ల పెట్రోల్ ఎకో మోయగలిగేది సుమారు 600 కిలోలు. నలుగురు ఎక్కాక 380 మిగులుతుంది. ఎకోలో పూర్తి క్యాంపర్ ఎందుకు కుదరదో ఇదొక్కటే చెబుతుంది. 12–13 సీట్ల ట్రావెలర్‌లో సీట్లు తీస్తే 965 సరిపోయి కాస్త మిగులుతుంది. చిన్న వీల్‌బేస్ 9 సీట్ల బండిలో అంచుకి వచ్చేస్తుంది.

ఆర్‌సీ అంకెని గుడ్డిగా నమ్మకండి. బాడీ కట్టాక కొలవకుండా పాత అంకె వేసేసిన బండ్లు ఉంటాయి. కొనేముందు డీజిల్ ఫుల్ చేయించి, డ్రైవరొక్కడితో దగ్గర్లోని వే బ్రిడ్జి మీదికి తీసుకెళ్లండి. రైసు మిల్లులు, గ్రానైట్ యార్డుల దగ్గర దొరుకుతుంది, ఖర్చు వందల్లోనే. మూడుసార్లు తూకం వేయించండి: మొత్తం బండి, ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు మాత్రమే. ఆ మూడు చీటీలు జాగ్రత్త. పని పూర్తయ్యాక మళ్లీ అదే కాటా మీద వేయిస్తే బరువు ఎక్కడ ఎక్కువైందో తెలుస్తుంది.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ చూడాలి. వెనక ఇరుసుకి ఒక మీటరు వెనక 100 కిలోలు పెట్టారనుకోండి. 3.2 మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండిలో వెనక ఇరుసు మీద 131 కిలోలు పడతాయి, ముందు ఇరుసు మీద 31 కిలోలు తగ్గుతాయి. నీళ్ల ట్యాంకు, స్టెప్నీ, ప్లైవుడ్ పెట్టెలు అన్నీ తోక వైపు సర్దితే స్టీరింగు తేలిపోయినట్టు ఉండేది ఇందుకే. ముందు చక్రాలతో నడిచే బండికి ఇది మరీ ప్రమాదం. ఘాట్ ఎక్కేటప్పుడు బరువు ఎలాగూ వెనక్కి వాలుతుంది, ముందు టైరుకి పట్టు మిగలదు. బరువైనవి నేలకి దగ్గరగా, రెండు ఇరుసుల మధ్య, ఎడమ కుడి సమానంగా ఉండాలి.

టైరు పక్కన లోడ్ ఇండెక్స్ అంకె ఉంటుంది. 104 అంటే టైరుకి 900 కిలోలు, 109 అంటే 1,030, 112 అంటే 1,120. వెనక ఇరుసు తూకం చీటీలో సగానికంటే ఈ అంకె గట్టిగా ఎక్కువ ఉండాలి. తయారైన తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది: 3221 అంటే 2021లో 32వ వారం. గీతలు ఎంత బాగున్నా ఆరేళ్లు దాటిన టైర్లతో ఈ బరువు మోయించకండి.

టేపు పట్టుకుని

బయటి వెడల్పు చూసి అడ్డంగా పడుకోవచ్చనుకోవడం అందరూ చేసే పొరపాటు. వింగర్ బయటి వెడల్పు 1,905 మి.మీ. అంటే ఆరడుగుల పైమాటే. కానీ వింగర్ కార్గోకి చెప్పే లోపలి వెడల్పు 1,640. ఒక్కో గోడకి 25 మి.మీ. ఇన్సులేషన్, 4 మి.మీ. ప్లై వేస్తే రెండు వైపులా కలిపి దాదాపు 60 పోయి 1,580 మిగులుతుంది. అయిదడుగుల రెండంగుళాల మనిషి కాళ్లు చాపితే సరిగ్గా తగులుతుంది. కాబట్టి ఈ బండ్లలో పెద్దవాళ్ల మంచం నిలువుగానే వేసుకోవాలి, పిల్లలకి మాత్రం అడ్డంగా కుదురుతుంది.

నిలువు మంచానికి 1,850 మి.మీ., వంటగట్టుకి 1,000 (దానికి ఎదురుగా నడవకి అవతల టాయిలెట్), బెల్టులున్న రెండో వరుస సీటుకి 850. కలిపితే డ్రైవరు సీటు వెనక నుంచి వెనక తలుపు దాకా 3,700 మి.మీ. ఖాళీ నేల కావాలి. సీటే మంచంగా మారే ఏర్పాటు చేసుకుని, టాయిలెట్ మానేస్తే 2,900తో సరిపెట్టొచ్చు. ఈ కొలతలతో ఇంట్లో నేల మీద సుద్దముక్కతో గీయండి. వెడల్పు కూడా గీసి, నలుగురూ అందులో ఒక సాయంత్రం గడపండి. కాగితం మీద కనిపించని ఇరుకు అక్కడ తెలుస్తుంది.

ఎత్తు: మీలో పొడవాటివారి ఎత్తుకి 70 మి.మీ. కలపండి. నేలకి 12 మి.మీ. ప్లై, దాని కింద 25 ఫోము, పైన ఇన్సులేషన్, ప్లై కలిపి 30 పోతాయి. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషికి ఖాళీ బండిలో 1,825 ఉండాలి. ఏసీ ప్యాసింజరు బండిలో పైకప్పు మధ్యన గాలిగొట్టం దిగి ఉంటుంది. దాని కింద నుంచి కొలవండి, రేకు నుంచి కాదు. హై రూఫ్ బండి అపార్టుమెంటు సెల్లారులోకి చాలాచోట్ల దూరదు. మీ గేటు బీము ఎత్తు కూడా ఈ రోజే కొలిచేయండి.

ఏ బండి దేనికి

ట్రావెలర్ పేరు పక్క అంకె వీల్‌బేస్, మిల్లీమీటర్లలో: 3350, 3700, 4020. ఇంజిన్ 2,596 సీసీ, 115 హార్స్‌పవర్, 350 ఎన్ఎం టార్కు, వెనక చక్రాలకి శక్తి. 1987లో బజాజ్ టెంపో మెర్సిడెస్ టీ1 వ్యాను ఆధారంగా తెచ్చిన రూపమే ఇప్పటికీ నడుస్తోంది. అందుకే హైవే పక్క మెకానిక్‌కి కూడా దాని గుట్టు తెలుసు, స్పేర్లు దొరుకుతాయి. గోడలు నిటారుగా ఉంటాయి కాబట్టి పెట్టెలు బిగించడం తేలిక, మూలల్లో చోటు వృథా కాదు. ప్రయాణం కాస్త కుదుపుగానే ఉంటుంది. బరువు పడ్డాక చాలావరకు సర్దుకుంటుంది. 4020 తీసుకుంటే లోపల సుఖమే, కానీ పాడేరు, మారేడుమిల్లి ఘాట్లలో హెయిర్‌పిన్ మలుపు దగ్గర వెనక్కి ముందుకి ఆడాల్సి వస్తుంది. 3350లో నలుగురికి టాయిలెట్ ఇరుకు. అందుకే 3700 అన్నాను.

వింగర్ 2,179 సీసీ, 100 పీఎస్, 200 ఎన్ఎం. ముందు చక్రాలతో నడుస్తుంది. వెనక చక్రాలకి శక్తి మోసే ప్రొపెల్లర్ షాఫ్టు లేదు కాబట్టి నేల కిందికి ఉంటుంది, ఎక్కడం దిగడం పిల్లలకీ పెద్దలకీ సులువు. నడక కారుకి దగ్గరగా ఉంటుంది. కార్గోకి లోపలి పొడవు 3,240, ఎత్తు 1,900 చెబుతారు. ఇద్దరికి నిలువు మంచం, వంటగట్టు పోను 390 మి.మీ. మిగులుతుంది. టార్కు తక్కువ, పైగా ఇందాక చెప్పిన ముందు చక్రాల పట్టు సమస్య. ఈ రెండూ కలిసి బాగా బరువేసిన వింగర్‌ని నిటారు మట్టి ఎక్కుల్లో ఇబ్బంది పెడతాయి. ఇద్దరు, 600 కిలోల లోపు సామాను అనుకుంటే ఇది చక్కని బండి. పాతవాటిలో ఫ్లాట్ రూఫ్ రకం తీసుకోకండి, వంగే నడవాలి.

అర్బానియా వీల్‌బేస్‌లు 3350, 3615, 4400. ఇంజిన్ ట్రావెలర్‌తో సమానమే. డిస్క్ బ్రేకులు, ఈఎస్‌పీ (బండి జారి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు), ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. పిల్లలతో రాత్రి హైవే మీద తిరిగేవారికి ఇవి చిన్న విషయాలు కావు. కానీ పక్కలన్నీ పెద్ద పెద్ద అద్దాలు. మన ఎండకి అది పెద్ద లోటు.

ఈ అద్దాల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మే నెలలో 43 డిగ్రీల దగ్గర బండి లోపల పడుకోగలరా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. రేకు గోడకి 25 మి.మీ. నైట్రైల్ ఫోము అతికిస్తే వేడి బాగా ఆగుతుంది. అద్దానికి అలా అతికించలేం. అద్దం తీసేసి రేకు వెల్డింగు చేయిస్తే అది బాడీ మార్పు, మళ్లీ ఆర్‌సీ గొడవ. మధ్యేమార్గం: అద్దాన్ని ఉన్నచోటే ఉంచి, ఆగినప్పుడు లోపలి నుంచి ఫాయిల్ ఉన్న 10 మి.మీ. ఫోము పలకలు అమర్చడం. నల్ల ఫిల్ములు అతికించకండి, 2012లో సుప్రీంకోర్టు ఆపేసిన విషయం అది. కొనేటప్పుడే కిటికీలు తక్కువగా, తెల్ల రంగులో ఉన్న బండి వెతకండి. బ్యాటరీ మీద ఏసీ నడిపే లెక్క కూడా చూడండి: 12 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది 2.5 యూనిట్లు. ఏసీ సగటున 500 వాట్లు లాగితే మహా అయితే ఐదు గంటలు వస్తుంది. తెల్లవారుదాకా రాదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకునే అలవాటు అసలు వద్దు. పొగ లోపలికి వస్తే ప్రాణాలకే ముప్పు. బీఎస్6 డీజిల్‌లో గంటల తరబడి ఐడ్లింగ్ వల్ల డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మసితో పూడుకుపోతుంది కూడా.

ఎకో గురించి రెండు మాటలు. పొడవు 3,675, ఎత్తు 1,825 మి.మీ. పెట్రోల్‌దే తీసుకోండి, సీఎన్‌జీ సిలిండరు వెనక చోటంతా తినేస్తుంది. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి ఆ నేల వేడెక్కుతుంది, ఫ్రిజ్, బ్యాటరీలు అక్కడ పెట్టకండి. 12 మి.మీ. ప్లైతో 50 కిలోలు దాటని ఒక పెట్టె, వెనక సీటు మడిస్తే దాని మీదికి తెరుచుకునే పలక. ఇద్దరికి ఇంతే, హాయిగా ఉంటుంది. మరొక్కటి: బొలెరో క్యాంపర్ అని పేరు చూసి ఆశపడకండి, అది డబుల్ కేబిన్ పికప్పు.

పాత బండి చూసేటప్పుడు

పాతవాటిలో ట్రావెల్స్ బండి, స్కూలు బండి, అంబులెన్సు ఈ మూడే ఎక్కువగా దొరుకుతాయి. ట్రావెల్స్ బండి లక్షల కిలోమీటర్లు తిరిగి ఉంటుంది, కానీ హైవే మీద, క్రమం తప్పని సర్వీసుతో. అంబులెన్సు హై రూఫ్‌తో, లోపల వైరింగుతో, తక్కువ సీట్లతో వస్తుంది. అయితే చల్లటి ఇంజిన్‌తోనే వేగంగా లాగించి ఉంటారు. నా ఓటు సర్వీసు రికార్డు చూపించగలిగే ట్రావెల్స్ బండికి.

మొదట తుప్పు చూడండి. ఇంజిన్ పోతే మార్చొచ్చు, తుప్పు పట్టిన బాడీ మీద రెండు నెలలు కష్టపడి చెక్కపని చేస్తే అంతా వృథా. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతపు బండి అయితే రెట్టింపు జాగ్రత్త. జేబులో అయస్కాంతం, సన్నటి స్క్రూడ్రైవరు పెట్టుకెళ్లండి. చక్రాల తోరణాలు, తలుపుల కింది అంచులు, ఫుట్‌బోర్డు, ముందు అద్దం కింది మూలలు, పైకప్పు వాన కాలువ. అయస్కాంతం పట్టనిచోట రంగు కింద లప్పం ఉంది. రబ్బరు మ్యాటు ఒక మూల లేపించి దాని కింది ప్లైని గుచ్చి చూడండి. మెత్తగా దిగిందంటే కింది రేకు కూడా నానిందనే. అమ్మేవాళ్లు మ్యాటు లేపనివ్వకపోతే అక్కడితో వెనక్కి వచ్చేయండి.

తర్వాత నీటి పరీక్ష. మీరు టార్చితో లోపల కూర్చుని, బయట నుంచి పైకప్పు మీద, కిటికీ బీడింగుల మీద 15 నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టించండి. పైకప్పు ఏసీ యూనిట్ బోల్టులు, లగేజీ క్యారియర్ కాళ్లు ఎక్కువగా కారేచోట్లు. చిన్న కారుడు పీయూ సీలెంటుతో ఆగుతుంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియని చెమ్మ ఉంటే మాత్రం ఇన్సులేషన్ వెనక బూజు పట్టి వాసన పోదు.

ఇంజిన్‌ని పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే మర్నాడు రండి. నీలిపొగ ఆయిలు కాలుతోందని, ఆగకుండా వచ్చే తెల్లపొగ ఇంజెక్టర్లో కంప్రెషనో హెడ్ గ్యాస్కెట్టో అని చెబుతుంది. ఐడ్లింగ్‌లో ఆయిలు మూత తీస్తే గాలి భుగభుగ తన్నితే రింగులు అరిగాయి. ముందు ఇరుసుకి కింగ్‌పిన్లు (చక్రం పక్కకి తిరగడానికి ఆధారమయ్యే పిన్నులు) ఉన్న బండైతే చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. వెనక కమాన్ కట్టలు కుంగాయేమో చూడ్డానికి, సమతలం మీద ఆపి చక్రం తోరణం నుంచి నేలకి రెండు పక్కలా కొలవండి. 15 మి.మీ. కంటే తేడా ఉంటే కట్ట విప్పించాల్సిందే. అదనపు పట్టీ వేయిస్తే బండి మోసే బరువు పెరుగుతుందని షెడ్డులో చెబుతారు. కుంగడం తగ్గుతుంది, అంతే. ఇరుసు, బ్రేకులు, టైర్లు, ఆర్‌సీ అంకె మారవు.

కాగితాల్లో, రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైటులో పెండింగు చలానాలు, టాక్సు, ఫిట్‌నెస్ గడువు, ఫైనాన్సు చూడండి. ఫైనాన్సు తీరిపోయి ఉంటే అది తీరిందని చెప్పే ఫారం 35, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఆంధ్రా బండి తెలంగాణకి తెచ్చుకున్నా అది వేరే రాష్ట్రమే, టాక్సు లెక్క మళ్లీ మొదలవుతుంది.

పిల్లల సీట్ల విషయంలో రాజీ వద్దు. కంపెనీ బిగించిన సీటు, బెల్టు ఉన్న వరుసని ఒక్కదాన్ని అలాగే ఉంచేసే లేఅవుట్ ఎంచుకోండి. మంచంగా మారే సీటు ముచ్చటగా ఉంటుంది గానీ, ప్లైవుడ్ పెట్టెకి స్క్రూ చేసిన బెల్టు గట్టి బ్రేకుకే ఊడి వస్తుంది. తప్పనిసరై కొత్త సీటు బిగిస్తే సర్టిఫికెట్ ఉన్న ఫ్రేము, 8.8 గ్రేడు బోల్టులు వాడండి. నేల రేకు కింద పెద్ద వాషరు చాలదు, 5 మి.మీ. ఇనుప పలక పెట్టాలి, అది కూడా చాసిస్ మెంబరుకి (బండి అడుగు చట్రపు దూలానికి) పట్టేలా.

3700 ట్రావెలర్ ఏదైనా దొరికాక ఆర్‌సీలోని రెండు బరువులు, వే బ్రిడ్జి చీటీల మూడు అంకెలు, లోపలి పొడవు, నేల మీద వెడల్పు, మంచం ఎత్తులో వెడల్పు, ఏసీ గొట్టం కింద ఎత్తు ఇక్కడ రాయండి. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ ఏ ఇరుసుకి ఎంత దూరంలో పెట్టాలో ఆ అంకెలతోనే లెక్కగట్టి చెప్పొచ్చు.